నల్ల గుళికల్లో పలకపొడి

2022 అక్టోబరు. మార్కాపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే మట్టి పరీక్ష లాబ్‌లో నేను ఎనలిస్టుగా చేరి అప్పటికి పదిహేడేళ్లు. లాబ్ అంటే పెద్ద మేడ ఊహించుకోకండి. ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో రైతులు తెచ్చిన మట్టిని పాత దినపత్రికల మీద పరిచి నీడలో ఆరబెడతాం. వెనక గదిలో బీకర్లు, యాసిడ్ సీసాలు, రెండు మూడు మీటర్లు. నేనూ, అసిస్టెంటు సుబ్బరాయుడూ, ఇద్దరమే సిబ్బంది. సుబ్బరాయుడు మా దగ్గరికి రాకముందు రాతిపలకలు కోసే ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు పనిచేశాడు. అక్కడి రాతిపొడి పీల్చలేక మానేశానని చెబుతుంటాడు.

మా పనిలో రోజూ నలిగే మాటలు మూడు. మొదటిది పీహెచ్. నేల పులుపు వైపు ఉందా, చౌడు వైపు ఉందా చెప్పే అంకె అది. ఏడు నడిమధ్య. ఏడుకు కిందికి పోతే పులుపు, పైకి పోతే చౌడు. రెండోది ఈసీ, అంటే మట్టిలో ఉప్పు ఎంత ఉందో చెప్పేది. మూడోది ఆర్గానిక్ కార్బన్. కుళ్లిన ఆకూ అలమూ, పెంటా పేడా ఇచ్చిన సారం నేలలో ఎంత మిగిలిందో దీంతో తెలుస్తుంది. ఈ మూడూ తెలిస్తే ఆ నేలకు ఏం వేయాలో, ఏం వేయకూడదో సగం తేలిపోతుంది.

ఆ సోమవారం పొద్దున నేను వచ్చేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. రాచర్ల మండలంలోని తన ఊరి నుంచి ఆటోలో గిద్దలూరు చేరి, అక్కడ మొదటి బస్సు పట్టుకుని వచ్చిందట. పేరు కాశమ్మ. భర్త గిద్దలూరులో మేస్త్రీ పనికి పోతాడు, సేద్యం ఆమే చూసుకుంటుంది. నేను మంచినీళ్లు ఇచ్చేలోపే చేతిలోని స్టీలు క్యారియరు విప్పి గిన్నెలు నా బల్ల మీద వరసగా పెట్టింది. ఒక గిన్నెలో మట్టి. ఇంకో దాంట్లో వేళ్లతో సహా పీకిన మూడు మిరప మొక్కలు. మూడో గిన్నెలో మిరియాలంత నల్ల గుళికలు.

“ఈ నల్లవి ఏసినాకనే నా మిరప ఇట్లయింది. ముందు ఆకుల అంచులు కాలినట్ల అయినాయి. ఇప్పుడు చెట్లే వాలిపోతాండాయి. రెండెకరాలమ్మా. నాటేటప్పుడు ఒక తూరి ఏసినా, పోయిన నెల ఇంకో తూరి ఏసినా. ఇదేందో నాకు చెప్పు,” అంది.

“ఎవరు వేయమన్నారక్కా?”

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. మామూలు కాగితం కాదు, రంగుల్లో అచ్చు వేసి ప్లాస్టిక్ తొడుగు వేసిన అట్ట. పైన ‘భూమి ఆరోగ్య నివేదిక’ అని ఉంది. దాని కింద కన్నీళ్లు కారుస్తున్న ఎర్రటి ముఖం బొమ్మ, పక్కన పెద్ద అక్షరాలతో ‘మీ భూమి ఏడుస్తోంది’ అన్న మాట. కింద నాలుగు అంకెలు. మొదటిది పీహెచ్, 5.2. అంటే బాగా పుల్లబడిన నేల అని. దాన్ని బాగుచేయడానికి ఎకరాకు నాలుగు బస్తాల నల్ల గుళికలు వేయాలని, ఏ దుకాణంలో దొరుకుతాయో కూడా రాసి ఉంది.

నాకు ముందు నవ్వొచ్చింది. పదిహేడేళ్లలో గిద్దలూరు, రాచర్ల, కొనకనమిట్ల వైపు నుంచి కొన్ని వేల మట్టి సంచులు నా చేతుల మీదుగా పోయాయి. 5.2 పీహెచ్ ఉన్న నేల ఒక్కటీ తగల్లేదు. మా వైపు బాధ చౌడు. బోరు నీళ్లతో ఏళ్ల తరబడి తడిపి తడిపి నేల పైన తెల్లగా పొర కట్టడం మా బాధ. మలేరియా జ్వరంతో వచ్చినవాడికి కాలు విరిగిందని కట్టు కట్టినట్లు ఉంది ఆ నివేదిక.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. “ఈ పరీక్ష ఎక్కడ చేయించావక్కా?” అని అడిగాను.

“జూన్‌లో మా ఊరికి వ్యానొచ్చింది. తెల్ల కోట్లు ఏసుకున్న ఇద్దరు దిగి, ఉచితంగా మట్టి పరీక్ష అని మైకులో చెప్పినారు. ఊరంతా పోయినాం. దోసెడు మట్టి తెమ్మన్నారు. నేను గట్టు మీద మట్టి ఎత్తుకపోయినా. మా పక్కింటామె చేను దూరమని దొడ్లో మట్టే తీసుకపోయింది.”

“రిపోర్టు ఎప్పుడిచ్చారు?”

“టీ తాగేలోపల.”

మట్టి నమూనా తీయడానికే ఒక పద్ధతి ఉంది. చేలో ఎనిమిది, పది చోట్ల పైచెత్త తీసేసి, జానెడు లోతున గుంట తవ్వి, దాని గోడ నుంచి పైనుంచి కిందిదాకా పలచగా గీరి తీస్తారు. అదంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేసి, చివరికి అరకిలో మిగుల్చుతారు. గట్టు మీద తీయకూడదు, పెంటకుప్ప పక్కన తీయకూడదు, చెట్టు నీడలో తీయకూడదు. తెచ్చిన మట్టిని ఆరబెట్టి, దంచి, జల్లించి, అప్పుడు పరీక్షకు పెడతాం. ఆర్గానిక్ కార్బన్ తేలేసరికి నాకు రెండు మూడు రోజులు పడుతుంది. దొడ్లో మట్టికి టీ తాగేలోపల రిపోర్టు ఇచ్చారంటే వాళ్లు మట్టిని చూడనే లేదన్నమాట.

కాశమ్మ తెలివైన మనిషి. ఇరుగుపొరుగు వాళ్ల అట్టలు కూడా నాలుగు అడిగి తెచ్చింది. ఐదింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. ఐదింటిలో పీహెచ్ 5.2. ఐదింటిలో కార్బన్ ఒకటే, చుక్క తర్వాత అంకెతో సహా. ఐదింటిలోనూ అదే ఏడుపు ముఖం. మారింది రైతు పేరు ఒక్కటే.

“అంటే మా మట్టి చూడకుండానే రాసినారా?” అంది కాశమ్మ.

“చూడకుండానే రాశారు.”

ఆమె ఆ అట్టను బోర్లా తిప్పి పెట్టింది.

నేను గుళికలు పరీక్షకు తీసుకున్నాను. నాలుగు గుళికలు నీళ్లలో వేసి గాజు కడ్డీతో కలిపాను. కాసేపటికి నల్లరంగు విడిచి నీళ్లు సిరాలా అయ్యాయి. అడుగున బూడిదరంగు పొడి దిగింది. సేంద్రియ పదార్థం అయితే అంత తొందరగా, అంత బరువుగా అడుగుకు దిగదు. పైన తేట నీళ్లు తీసి ఈసీ మీటరు పెట్టాను. అంకె పైకి పోతూనే ఉంది. ఉప్పు. బరువు కోసం కలిపారో, గుళిక గట్టిపడటానికి కలిపారో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే. అసలే ఉప్పెక్కిన నేలలో, ఉప్పంటే గిట్టని మిరప మొదళ్లలో, ఆమె తన చేతులతో రెండుసార్లు ఉప్పు పోసింది.

సుబ్బరాయుడు ఆ బూడిద పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. మళ్లీ కొంచెం తీసుకుని నలిపాడు.

“మేడం, ఇది పలకపొడి,” అన్నాడు.

“ఎలా చెప్తావు?”

“పన్నెండేండ్లు దీన్నే తిన్నా. దీన్నే పీల్చినా. నాకు తెలీదా? కోతమిషిన్ల కింద కుప్పలు పడుంటాది, ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకపోరు.”

తర్వాత నేను మళ్లీ మళ్లీ పరీక్షలు చేసి చూసుకున్నాను. అతను చెప్పిందే నిజం. మేం పనికిరాదని రోడ్ల పక్కన పారబోసుకునే పొడికి రంగు పూసి, ఉప్పు కలిపి, గుళికలు చుట్టి, బస్తా మీద ఆకుపచ్చటి మొక్క బొమ్మ వేసి, తిరిగి మా రైతులకే అమ్మారు. భూమికి బలం అని చెప్పి అమ్మారు.

ఆ పొద్దున మాత్రం, సుబ్బరాయుడు పొడి పేరు చెప్పగానే, నేను ఆ మాటే కాశమ్మతో గట్టిగా అన్నాను. ఇలాంటివాళ్లను ఎలా నమ్మారు, నల్ల బస్తా అనగానే ఎలా ఎత్తుకెళ్లారు, ఒక్కసారి మా దగ్గరికి వచ్చి అడిగితే ఏం పోయేది అని కూడా అన్నాను. కోపంలో అన్నాను కానీ, అనకూడని మాట.

ఆమె నన్ను సూటిగా చూసింది. “మీ దగ్గరికి రాలేదనుకున్నావా? మూడేండ్ల కింద మీవాళ్లే మా ఊర్లో క్యాంపు పెట్టినారు. పద్ధతిగానే తీసినారు మట్టి, నువ్వు చెప్పినట్ల గుంటలు తవ్వి. రెండు నెలలకు కాగితం పంపినారు. అందులో ఏముందో మా ఊర్లో ఒక్కరికన్న తెలిస్తే ఒట్టు. నేను నాలుగో తరగతి చదివినా. కూడబలుక్కుని చదివినా. అన్నీ అంకెలే. ఆ అంకెలతో నేనేం చేసుకోవాల?”

రిజిస్టరు తీసి వెతికాను. ఉంది. కాశమ్మ పేరు, సర్వే నంబరు, కింద నా సంతకం. పీహెచ్ 8.7. ఈసీ ఎక్కువ. కార్బన్ తక్కువ. చివర సిఫారసుల గడిలో ‘జి.ఆర్. ప్రకారం జిప్సం, జి.ఎం., ఎఫ్.వై.ఎం.’ అని ఉంది. జి.ఆర్. అంటే చౌడు తగ్గడానికి ఆ నేలకు ఎంత జిప్సం కావాలో చెప్పే లెక్క. జి.ఎం. అంటే జీలుగో జనుమో వేసి పూతకు ముందు దున్నేసే పచ్చిరొట్ట. ఎఫ్.వై.ఎం. అంటే మన పశువుల ఎరువు. ఇవి నాకు తెలుసు, నా పక్క బల్ల మీద పనిచేసేవాడికి తెలుసు. కాశమ్మకు ఎలా తెలుస్తాయి? ఆమె నేలకు సరైన మందు మూడేళ్ల కిందటే నా చేత్తో రాసి, ఆమెకు అర్థం కాకుండా జాగ్రత్తగా పంపించాను.

“వాళ్లు అబద్ధమే చెప్పినారు. అయితే మాకు తెలిసేటట్ల చెప్పినారు,” అంది కాశమ్మ.



ఆ వారంలోనే ఫిర్యాదు రాశాను. ఎరువుల దుకాణాలు తనిఖీ చేసే అధికారిని కలిసి గుళికలు, ఐదు అట్టలు, నా పరీక్ష ఫలితం ముందు పెట్టాను. ఆయన చెడ్డవాడు కాదు. కాగితాలన్నీ ఓపికగా చదివాడు. చదివి బస్తా ఫొటో నా వైపు తిప్పాడు.

“దీని మీద ఎరువు అని ఎక్కడైనా రాసుందా మేడం? నేల గుణం పెంచే సహజ పదార్థం అని రాసుకున్నాడు. ఎరువు కాకపోతే ఎరువుల చట్టం కింద నేనెట్ల శాంపిల్ తీసేది?”

“మరి ఏ చట్టం కింద తీస్తారు?”

“అదే నాకూ తెలీడం లేదు. ఇంకోటి, మీరు గిన్నెలో తెచ్చినవి చెల్లవు. మూతి విప్పని బస్తా కావాల. నేను పోయేసరికి దుకాణంలో అవి ఉండవు. ఇదంతా మామూలే.”

మామూలే అన్న ఆ మాట నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువగా తగిలింది. ఆయన చెప్పినట్లే అయింది. తనిఖీకి వెళ్లేసరికి దుకాణంలో ఒక్క నల్ల బస్తా కూడా లేదు. మా సంస్థ డైరెక్టరైతే నన్ను గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, “మనకు మట్టితో పని. దుకాణాలవాళ్లతో గొడవ మనకెందుకు? రేపు మన క్యాంపులకు టెంటు వేయించేది వాళ్లే గదా,” అన్నాడు. మట్టితో పని అయితే, ఆ మట్టిలో ఉప్పు పోసినవాడితో కూడా మనకు పని ఉంటుందని అన్నాను. ఆయన ఫైలు తెరుచుకున్నాడు. నన్ను వెళ్లమనడానికి అది గుర్తు.

తర్వాతి ఆదివారం నా సొంత ఖర్చుతో కాశమ్మ ఊరికి వెళ్లాను. సుబ్బరాయుడు తోడొచ్చాడు. చేతిలో పట్టుకునే ఈసీ మీటరు, పది గాజు గ్లాసులు, మంచి జిప్సం కొంచెం, బాగా చివికిన పశువుల ఎరువు కొంచెం తీసుకెళ్లాం. ముందు ఆమె చేను చూశాను. బోరు దగ్గరి ఎకరంలో మొక్కలు ఇంకా ప్రాణంతో ఉన్నాయి. పల్లంలో ఉన్న ఎకరంలో మాత్రం సాళ్లకు సాళ్లు గోధుమ రంగుకు తిరిగాయి. ఆమె సాళ్ల మధ్య నడుస్తూ ఒక్కొక్క మొక్కను వంగి చూస్తోంది. ఆ ఊరి చేలల్లో అలాంటివి ఇంకో ఏడెనిమిది ఉన్నాయని చెప్పింది.

పాలకేంద్రం ముందు బండ మీద గ్లాసులు పెట్టాం. పాలు పోయడానికి వచ్చినవాళ్లు అక్కడే నిలబడ్డారు. ఒక గ్లాసులో నల్ల గుళికలు, ఒక గ్లాసులో పశువుల ఎరువు వేసి నీళ్లు పోశాం. గుళికల గ్లాసులో నీళ్లు నల్లబడి, అడుగున పలకపొడి దిగడం అందరూ చూశారు. పాలు పోసే ఒక ముసలాయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకోబోతే సుబ్బరాయుడు చెయ్యి పట్టుకున్నాడు. మీటరు పెట్టి, ఉప్పు అంకె ఏదో చూపించాను. జిప్సం మీద నిమ్మరసం చుక్కలు వేసి చూపించాను. మంచి జిప్సం పొంగదు. బుసబుసా పొంగితే అందులో సున్నపురాయి కలిసిందన్నమాట, మన చౌడు నేలకు దానితో పని లేదు. ఎరువు పిడికెట్లోకి తీసుకుంటే వాన పడ్డ మట్టి వాసన రావాలి, వేడిగా ఉండకూడదు, పేడ కంపు కొట్టకూడదు అని చెప్పాను.

అప్పటికి దుకాణం శేషయ్య బండి మీద వచ్చాడు. ఆ ఊరివాడే, నల్ల బస్తాలు అమ్మింది అతనే.

“ఏందమ్మా ఇది? యాడ నుంచి వచ్చినావు నువ్వు? గవర్నమెంటు మనిషివా?”

“కాదు. మట్టి పరీక్ష లాబ్‌లో పనిచేస్తాను.”

“మరి నా సరుకు మీద పరీక్షలు చేసే హక్కు నీకు ఎవరిచ్చినారు?”

నేను నోరు తెరిచేలోపే కాశమ్మ ముందుకొచ్చింది. “నేనిచ్చినా బావా. అది నీ సరుకు గాదిప్పుడు, నాది. ఆ బస్తాలు నెత్తిన పెట్టుకొని మోసినది నేను.”

శేషయ్య గొంతు తగ్గించాడు. “నాకేం తెలుసు కాశమ్మా? కంపెనీవాళ్లు పంపినారు, నేను అమ్మినా. వాళ్లే రిపోర్టులు ఇచ్చినారు. బస్తా ఇప్పి లోపలేముందో చూసేది నా పనా? మీతో పాటు నేనూ మోసపోయినా.”

గుంపులో కొందరు తలలూపారు. నాకే ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది. అప్పుడు గోడ వారన గొంతుకూర్చున్న ఒక మనిషి లేచాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. గొర్రెల కాపరి తిరుపతయ్య అని తర్వాత చెప్పారు.

“నువ్వు యాడ మోసపోయినావు శేషన్నా? వ్యానొచ్చి పోయినాక, జూన్ ఆఖర్లో, నా మందను నీ చేలో తొమ్మిది దినాలు పెట్టించుకున్నావు గదా. అప్పటికి నీ దుకాణంలో నల్ల బస్తాలు అటక దాకా ఉండినాయి. ఒక్క బస్తా అన్నా నీ చేలోకి పోయిందా?”

మా వైపు మంద పెట్టించడం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. విత్తడానికి ముందు గొర్రెల మందను రాత్రిళ్లు చేలో పడుకోబెడతారు. వాటి పెంటికలు, మూత్రం నేలకు పడతాయి. ఏ కంపెనీ బస్తాలోనూ దొరకని ఎరువు అది. అది నల్ల గుళికల కంటే మంచిదని శేషయ్యకు తెలుసు. తెలిసే తన చేనుకు పెట్టించుకున్నాడు.

శేషయ్య బండి తాళంచెవి అటూ ఇటూ తిప్పుతూ, “గొర్లు అందరికీ యాడ దొరుకుతాయి? ఊర్లో ఉన్నది రెండు మందలు,” అన్నాడు.

“అందుకని దొరికిన మంచిది నువ్వు పెట్టించుకొని, మాకు పలకపొడి ఏపిచ్చినావా?” అంది కాశమ్మ. ఆమె అరవలేదు. కానీ ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది. శేషయ్య ఆమె ముఖం చూడకుండా బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

రెండో తూరి వేయడానికి తెచ్చిపెట్టుకుని, విప్పని బస్తాలు నాలుగిళ్లల్లో ఉన్నాయి. మర్నాడు వాటిని ట్రాక్టరులో వేసుకుని ఇరవై మంది దాకా ఆ తనిఖీ అధికారి ఆఫీసుకు వెళ్లారు. మూతి విప్పని బస్తాలు కావాలన్నాడు కదా, తీసుకొచ్చామన్నారు. శాంపిల్ తీసి సీలు వేసేదాకా కదలమని వరండాలో కూర్చున్నారు. ఆయన మొదట చట్టం సంగతి మళ్లీ ఎత్తాడు. తర్వాత, బస్తా మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి అయితే అది మోసమే కదా అని తనే ఒక దారి వెతికి రాశాడు. ఆ మాట మొదటి రోజే ఆయనకు తట్టి ఉండాల్సింది.

ఫలితం నెలల తర్వాత వచ్చింది. లోపల ఉన్నది బస్తా మీద రాసినది కాదని తేలింది. శేషయ్య దుకాణం లైసెన్సు కొన్నాళ్లు ఆపారు. ఆ గడువు పూర్తికాకుండానే అదే గదిలో బావమరిది పేరుతో బోర్డు లేచింది. కంపెనీ చిరునామాకు వెళ్లినవాళ్లకు షట్టరుకు వేసిన తాళం కనిపించింది. మరుసటి ఎండాకాలం కురిచేడు వైపు ఒక రైతు నాకు కొన్ని గుళికలు తెచ్చి చూపించాడు. బస్తా రంగు మారింది, పేరు మారింది. నీళ్లలో వేస్తే అడుగున దిగింది అదే బూడిద పొడి. ఎవరూ జైలుకు పోలేదు. తెల్లకోటు తొడిగి మైకు పట్టుకుని పల్లెల్లో అబద్ధం చెప్పినవాళ్లకు ఏ శిక్షా పడలేదు.

కాశమ్మ మిరపలో ఎకరం పోయింది. ఆ నవంబరు వానలు ఉప్పును కొంత కిందికి కడిగాయి. పోయిన ఎకరం దున్ని జొన్న వేసుకుంది. అది ఉప్పును మిరప కంటే కాస్త ఓర్చుకుంటుంది. మరుసటి ఎండాకాలం మళ్లీ మట్టి తీయించి, లెక్క ప్రకారం జిప్సం వేయించాను. జిప్సం ఒకచోట కుప్ప పోస్తే పని చేయదు, పలచగా చల్లి దున్ని, వాన నీళ్లు నిలబెట్టాలని పక్కన నిలబడి చెప్పాను. తిరుపతయ్య మందకు ముందే చెప్పిపెట్టుకుని వారం రోజులు పెట్టించుకుంది. జీలుగ చల్లి పూతకు ముందు దున్నేసింది. రెండేళ్లకు పీహెచ్ కొంచెం దిగింది. కొంచెమే. నేల ఎనిమిదేళ్లలో పాడయితే ఎనిమిది నెలల్లో బాగుపడదు. పడుతుందని చెప్పేవాడి దగ్గర ఏమీ కొనవద్దు.

ఈ కేసు తర్వాత ఏ రైతు అడిగినా నేను చెప్పేది ఇంతే. ముందు మీ నేలకు జబ్బేమిటో తెలుసుకోండి, మందు తర్వాత. మందు అమ్మేవాడే జబ్బు కూడా చెబుతుంటే లేచి వచ్చేయండి. బస్తా మీద బొమ్మ కాదు, లోపల ఏది ఎంత ఉందో రాసిన అక్షరాలు చూడండి. అవి లేకపోతే అది బస్తాయే కాదు. ఎకరమంతా వేయడానికి ముందు రెండు సాళ్లలో వేసి పదిహేను రోజులు ఆగండి. బిల్లు తీసుకోండి. ఒక్క బస్తా విప్పకుండా దాచిపెట్టండి.

ఇవన్నీ రైతుకు చెప్పేవి. నాకు నేను నేర్చుకున్నది వేరే ఉంది. మోసగాళ్ల మీద కోపం నాకు ఈ రోజుకీ తగ్గలేదు, తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు. కానీ వాళ్లు దూరిన సందు మేం వదిలిపెట్టింది. పదిహేడేళ్లుగా నిజం రాస్తున్నానని గర్వపడ్డాను. అది ఎవరికైనా అర్థమవుతోందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు మా రిపోర్టు వెనకవైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ నేను చేత్తో తెలుగులో రాస్తాను. ఏది వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి, ఏది అసలు వేయకూడదు. రాసి, రైతుకు ఇచ్చి, చదవమంటాను. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, తిరిగి వాళ్ల మాటల్లో నాకు చెప్పమంటాను. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ నా మాట కొట్టేసి, ఇంకో మాట రాస్తాను. కిందటి నెల కొనకనమిట్ల నుంచి వచ్చిన ఒక ముసలావిడ నా చేత మూడుసార్లు కొట్టేయించింది. బయట ఆరుగురు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. ఒక్క రిపోర్టుకు అరగంట పడుతోందని డైరెక్టరు గుమ్మంలో నిలబడి గడియారం చూపించాడు.

పట్టనీ.